మందుకు లొంగని బ్యాక్టీరియా: నల్లగొండ, పాలమూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్లగొండలో ఒక ల్యాబులో పనిచేస్తాను. రక్తం, మూత్రం, చీము, తెమడ నమూనాలలో ఏ బ్యాక్టీరియా ఉంది, అది ఏ మందుకు చస్తుంది, ఏ మందుకు చావడం లేదు అని చూసి చెప్పడం నా పని. రిపోర్టు కోసం వచ్చినవాళ్ళు కిటికీ దగ్గర నిలబడి అడిగే ప్రశ్నలు ఏళ్ళ తరబడి దాదాపు అవే. వెనుక వరుస పెరుగుతూ ఉంటే రెండు మాటలు చెప్పి పంపేస్తాను, ఇంటికి వెళ్ళాక సరిగా చెప్పలేకపోయానని బాధపడతాను. అందుకే ఇక్కడ తీరికగా రాశాను. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు మొదలుపెట్టవద్దు, వాడుతున్న మందు ఆపవద్దు. మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు చెప్పినట్టే నడుచుకోండి.

యాంటీబయాటిక్‌లు ఎక్కువగా వాడితే ఒంటికి అలవాటైపోయి పనిచేయవంటారు, నిజమేనా?

అలవాటు పడేది మన ఒళ్ళు కాదు, ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా. ఈ తేడా తెలియకనే "నేను మందుల జోలికే పోను, నాకేం భయం" అని చాలామంది ధీమాగా ఉంటారు. జీవితంలో ఒక్క యాంటీబయాటిక్ మాత్ర మింగని మనిషికి కూడా మందుకు లొంగని బ్యాక్టీరియా సోకవచ్చు. అది మరొకరి పేగుల్లోనో, ఆసుపత్రి మంచం మీదనో, కోళ్ళ ఫారంలోనో రాటుదేలి ఇతని దాకా వస్తుంది.

పత్తి రైతుకు ఈ సంగతి చెప్పడం చాలా తేలిక. పురుగును చంపే విషం మొక్కలోనే ఉండే బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. మొదట్లో కాయ తొలిచే పురుగుల బెడద తగ్గి రైతులు ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత కొన్నేళ్ళకు గులాబీ రంగు పురుగు మళ్ళీ కాయలోకి దూరింది. మొక్కలోని విషం అదే. కానీ దాన్ని తట్టుకోగలిగిన కొద్దిపాటి పురుగులు బతికి గుడ్లు పెట్టాయి, చివరికి వాటి సంతతే చేనంతా నిండింది. మామూలు పురుగులు కూడా బతికి వీటితో కలవాలని, చేను చుట్టూ వేయడానికి బీటీ కాని విత్తనాల పొట్లం విడిగా ఇచ్చారు. చాలామంది దాన్ని పక్కన పడేశారు. మన ఒంట్లో జరిగేదీ ఇదే. ఒక మందు పడగానే లొంగే బ్యాక్టీరియా చస్తుంది, లొంగనిది మిగులుతుంది, ఖాళీ అయిన చోటంతా దానిదే. పురుగుకు ఒక తరం మారడానికి వారాలు కావాలి. అనువైన చోట ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతుంది.

బ్యాక్టీరియా మందును ఎలా తప్పించుకుంటుంది?

కొన్ని మందును ముక్కలు చేసే ఎంజైములను తయారు చేసుకుంటాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును పంపు పెట్టి తోడినట్టు బయటికి తోడేస్తాయి. కొన్ని మందు పట్టుకునే చోటునే మార్చేసుకుంటాయి, తాళం మార్చాక పాత తాళంచెవి పనికిరానట్టు. అన్నింటికన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి: ఈ విద్యను అవి ఒకదానికొకటి ఇచ్చుకుంటాయి. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టలో ఆ సమాచారం ఉంటుంది. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని పక్కనున్న వేరే జాతికి కూడా అందించగలదు. ఒకే చుట్టలో నాలుగైదు మందులకు విరుగుడు ఉండడమూ మామూలే.

జ్వరం రాగానే ఒక అజిత్రోమైసిన్ వేసుకుంటే తప్పేమిటి? పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు కదా?

వానాకాలంలోనూ ఆ తర్వాతి నెలల్లోనూ మన దగ్గర వచ్చే జ్వరాలలో ఎక్కువ భాగం వైరస్‌ల వల్లనే. జలుబు, ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా అన్నీ వైరస్‌లే. ఏ యాంటీబయాటిక్ కూడా వాటిని ఏమీ చేయలేదు. మూడో రోజుకో నాలుగో రోజుకో జ్వరం తనంతట తాను తగ్గుతుంది, పేరు మాత్రకు దక్కుతుంది. మలేరియా వైరస్ కాదు, బ్యాక్టీరియా కూడా కాదు, దాని మందులు వేరే. (మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనుక్కున్నది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే ఉంది.)

"లేకపోతే లేదు" అనే మాటలోనే చిక్కంతా ఉంది. మీరు మింగిన మాత్ర జ్వరాన్ని తాకకపోయినా మీ పేగులను తాకుతుంది. అక్కడ కోట్లకొద్దీ బ్యాక్టీరియా మనకు మేలు చేస్తూ బతుకుతుంటాయి. వాటిలో ఆ మందుకు లొంగేవి పోయి, లొంగనివి మిగులుతాయి. ఆరు నెలల తర్వాత మూత్రంలో మంట వచ్చిందనుకోండి. ఆ ఇన్ఫెక్షన్‌కు కారణం సాధారణంగా మన పేగుల నుంచి వచ్చిన ఈ.కోలైయే. అప్పుడు డాక్టరు రాసే మందు పనిచేయకపోతే దాని మూలం ఆనాటి జ్వరంలో ఉండవచ్చు.

అయితే అన్ని జ్వరాలకూ ఇంట్లో కూర్చోమని నేను చెప్పను. మూడు నెలల లోపు పసిబిడ్డకు ఏ జ్వరం వచ్చినా, ఎవరికైనా ఊపిరి అందకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒంటి మీద రక్తపు మచ్చలు కనిపించినా, మూత్రం తగ్గిపోయినా, నీళ్ళు కూడా తాగలేకపోతున్నా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం మూడు రోజులు దాటితే పరీక్ష చేయించుకోవాలి. పొలం పనులకు వెళ్ళేవారికి ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పుండు కనిపించి జ్వరం ఉంటే, ఆ పుండును డాక్టరుకు తప్పక చూపించండి. అది నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. పాత మందు, చవక మందు అయిన డాక్సీసైక్లిన్ దానికి బాగా పనిచేస్తుంది, ఆలస్యం చేస్తేనే ప్రాణం మీదికి వస్తుంది.

విడాల్ పరీక్షలో టైఫాయిడ్ అని వచ్చింది. ప్రతి ఏడాదీ ఇదే వస్తోంది, ఎందుకు?

ప్రతి ఏడాదీ మీకు టైఫాయిడ్ వస్తోందని నేను అనుకోను. ప్రతి ఏడాదీ విడాల్ చేయించుకుంటున్నారు, అంతే.

విడాల్ అనేది 1896 నాటి పరీక్ష. అది టైఫాయిడ్ బ్యాక్టీరియాను వెతకదు. ఆ బ్యాక్టీరియాను ఎదిరించడానికి మన రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలను మాత్రమే చూస్తుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్ వల్లనో, వేయించుకున్న టీకా వల్లనో, ఒక్కొక్కసారి వేరే జ్వరాల వల్లనో కూడా అవి కనిపిస్తాయి. టైఫాయిడ్ తరచుగా కనిపించే మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలోనూ కొంత మోతాదులో ఉంటాయి. మరోవైపు, నిజంగా టైఫాయిడ్ ఉన్నవారికి మొదటి వారంలో ఈ పరీక్ష ఏమీ చూపకపోవచ్చు. ఒక్క విడాల్ కాగితం పట్టుకుని పది రోజులు సూదులు, సెలైన్లు ఎక్కించుకున్నవారిని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాళ్ళలో కొందరు అందుకోసం అప్పు చేసి ఉంటారు.

టైఫాయిడ్‌ను నిర్ధారించాలంటే రక్తం కల్చర్ చేయాలి, అది కూడా యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు, వీలైతే మొదటి వారంలో. అసలు రోగం మీద నిర్లక్ష్యం కూడా పనికిరాదు, అది పేగులకు రంధ్రం పెట్టగలదు. ఒకప్పుడు దీనికి బ్రహ్మాండంగా పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్ ఇప్పుడు మన దేశంలో చాలా వరకు పనిచేయడం లేదు. పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో 2016 నుంచి సెఫ్ట్రియాక్సోన్ సూదికి కూడా లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. అక్కడ నోటి మాత్రలలో దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. మనం జలుబుకు చాక్లెట్టులా మింగుతున్నది ఆ మందునే.

ఆ వ్యాప్తిని అరికట్టడానికి 2019లో సింధ్‌లో పిల్లలకు వేసిన టీకా హైదరాబాద్‌లో తయారైనదే. మన పిల్లలకూ ఆ టీకా దొరుకుతుంది, పిల్లల డాక్టరును అడగండి.

కల్చర్ పరీక్ష అంటే ఏమిటి? అంత ఆలస్యం ఎందుకు?

ఇది నా పని కాబట్టి కాస్త ఇష్టంగా చెబుతాను. మీ నమూనాను పోషకాలు కలిపిన జెల్లీ లాంటి పళ్ళెం మీద రాసి, మన ఒంటి వేడిలో ఒక రాత్రి ఉంచుతాం. బ్యాక్టీరియా ఉంటే తెల్లవారేసరికి చుక్కలు చుక్కలుగా పెరుగుతుంది. అది ఏ జాతో గుర్తించి, మరో పళ్ళెం మీద పలుచగా పరిచి, దాని మీద రకరకాల యాంటీబయాటిక్‌లు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతాం. మర్నాడు చూస్తే కొన్ని బిళ్ళల చుట్టూ బ్యాక్టీరియా చచ్చి శుభ్రమైన వలయం ఉంటుంది. కొన్నింటి చుట్టూ అది బిళ్ళను ఆనుకుని మరీ పెరిగి ఉంటుంది. వలయాన్ని కొలిచి రిపోర్టు రాస్తాం. "ఎస్" అంటే ఆ మందుకు లొంగుతుంది, "ఆర్" అంటే లొంగదు. మూత్రానికి రెండు మూడు రోజులు పడుతుంది, రక్తానికి అయిదు రోజుల దాకా పట్టవచ్చు. ఇప్పుడు యంత్రాలు వచ్చి కొంత వేగం పెరిగింది కానీ బ్యాక్టీరియా పెరగడానికి కావలసిన సమయాన్ని ఎవరూ తగ్గించలేరు.

మీ వైపు నుంచి రెండు జాగ్రత్తలు కావాలి. మొదటిది, యాంటీబయాటిక్ మొదటి మోతాదు పడకముందే నమూనా ఇవ్వండి. ఒక్క మాత్ర పడినా బ్యాక్టీరియా పెరగకపోవచ్చు, "ఏమీ లేదు" అనే తప్పుడు రిపోర్టు వస్తుంది. రెండోది, మూత్రం ఇచ్చేటప్పుడు శుభ్రంగా కడుక్కుని, మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను ల్యాబు ఇచ్చిన డబ్బాలోనే పట్టండి. ఇంట్లోని సీసాలో పట్టి, బస్సులో మూడు గంటలు ప్రయాణించి తెస్తే దారిలోనే బ్యాక్టీరియా పెరిగిపోతుంది. రెండు గంటల లోపు ల్యాబుకు చేరాలి.

ఒకప్పుడు ఈ పరీక్షకు హైదరాబాద్ వెళ్ళవలసి వచ్చేది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటిలో సూక్ష్మజీవుల విభాగాలు ఉన్నాయి.

మా ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేస్తే మర్నాడే లేచి పనికి వెళతాం. ఆయనను తప్పుపట్టడం దేనికి?

నేను తప్పుపట్టను. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది ఆయనే, డబ్బు తర్వాత ఇమ్మనేదీ ఆయనే. నేను అడిగేది ఒక్కటే: ఆ సూదిలో ఏముంది? చాలాసార్లు నొప్పి తగ్గించే మందు, ఒక స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. మర్నాడు మిమ్మల్ని లేపింది మొదటి రెండూ. స్టెరాయిడ్ జ్వరాన్ని అణిచి, ఆకలి పుట్టించి, ఒంట్లో బలం వచ్చినట్టు చేస్తుంది. లోపల రోగం ఉంటే దాన్ని దాచేస్తుంది. యాంటీబయాటిక్ ఒకటి రెండు మోతాదులు పడి ఆగిపోతుంది.

కొత్త సూది, కొత్త సిరంజి మీ కళ్ళ ముందు విప్పమనండి. వేసిన మందు పేరు కాగితం మీద రాయించుకోండి. తగ్గకపోతే ఆ కాగితం తీసుకుని పీహెచ్‌సీకో పల్లె దవాఖానకో వెళ్ళండి. అంతకు ముందు ఏమి పడిందో తెలియక పెద్దాసుపత్రి డాక్టర్లు చీకట్లో తడుముకోవలసి వస్తోంది.

చీటీ లేకుండానే దుకాణంలో ఇస్తున్నారు కదా, చట్టం ఏమంటోంది?

యాంటీబయాటిక్‌లు డాక్టరు చీటీ మీదనే అమ్మాలి. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, లెవోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్, టీబీ మందులు వంటి 46 మందులను హెచ్1 అనే ప్రత్యేక జాబితాలో చేర్చారు. 2014 మార్చి 1 నుంచి వీటిని అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారు అన్నది విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. మాత్రల అట్ట మీద నిలువునా ఎర్ర గీత ఉంటే అది చీటీ మీదనే కొనవలసిన మందు అని గుర్తు. చదువు రాని వారికి కూడా ఈ గుర్తు నేర్పవచ్చు. మా ఇంట్లో పెద్దావిడకు నేర్పాను, ఇప్పుడు ఆమె ఇరుగుపొరుగు వాళ్ళ మందుల సంచులు తీసి చూస్తోంది.

జ్వరం తగ్గాక కూడా కోర్సు పూర్తి చేయాలా?

డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులు వాడండి. "ఎంత ఎక్కువ కాలం వాడితే అంత మంచిది" అనే పాత నమ్మకం మాత్రం ఇప్పుడు నిలవడం లేదు. చాలా మామూలు ఇన్ఫెక్షన్లకు మునుపటి కన్నా తక్కువ రోజులు చాలని పరిశోధనల్లో తేలింది. అనవసరంగా పొడిగించిన ప్రతి రోజూ పేగుల్లోని బ్యాక్టీరియాకు శిక్షణ ఇచ్చినట్టే. ఎన్ని రోజులన్నది రోగాన్ని బట్టి ఉంటుంది. బాగా తగ్గి మధ్యలో ఆపాలనిపిస్తే డాక్టరును అడిగి ఆపండి, సొంతంగా కాదు. టీబీకి ఈ వెసులుబాటు ఏమాత్రం లేదు.

పోయినసారి మిగిలిన మాత్రలు దాచుకోవచ్చా? పొరుగువారికి ఇవ్వవచ్చా?

రెండూ వద్దు. పెంటకుప్పలో, మోరీలో కూడా పారేయవద్దు.

మా ఆయనకు టీబీ మందులు మొదలుపెట్టారు. పనికోసం ముంబై వెళ్ళాలి. ఏం చేయాలి?

పాలమూరు నుంచి వచ్చే ప్రశ్నలలో ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. వలస వెళ్ళక తప్పని ఇళ్ళు ఎన్నో నాకు తెలుసు. మా ల్యాబుకు ఒకసారి నారాయణపేట వైపు నుంచి ఒక తాపీ కూలీ వచ్చాడు. రెండు నెలలు మందులు వాడాడు, దగ్గు తగ్గింది, బరువు పెరిగాడు, మేస్త్రీ పిలిస్తే పుణె వెళ్ళిపోయాడు. అక్కడ మందులు ఎక్కడ అడగాలో తెలియలేదు. ఏడాదికి తిరిగి వచ్చేసరికి తెమడలో రక్తం. పరీక్ష చేస్తే రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు లొంగని టీబీ. ఇంట్లో చిన్న పిల్లలు ఇద్దరు.

టీబీకి మొదట నాలుగు మందులు కలిపి ఇవ్వడానికి కారణం ఉంది. ఊపిరితిత్తుల్లో కోట్ల సంఖ్యలో ఉన్న టీబీ బ్యాక్టీరియాలో ఏదో ఒక మందుకు పుట్టుకతోనే లొంగనివి కొన్ని ఉంటాయి. ఒకే మందు ఇస్తే అవి మిగిలిపోతాయి. నాలుగూ కలిపి ఇస్తే ఒకదాన్ని తప్పించుకున్నది ఇంకొకదానికి చిక్కుతుంది. పైగా నెమ్మదిగా పెరుగుతూ, కొంతకాలం నిద్రపోతూ ఉండే బ్యాక్టీరియా అది. దగ్గు తగ్గినంత మాత్రాన అంతా చచ్చినట్టు కాదు. అందుకే ఆరు నెలలు.

ఇప్పుడు ప్రతి టీబీ రోగికీ నిక్షయ్ అనే జాతీయ వ్యవస్థలో ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు రాసుకుని దగ్గర పెట్టుకోండి. ఊరు వదలడానికి ముందే ఆశా కార్యకర్తకో టీబీ విభాగం వాళ్ళకో ఎక్కడికి వెళుతున్నారో చెప్పండి. దేశంలో ఎక్కడి ప్రభుత్వ కేంద్రంలోనైనా అదే నంబరు మీద చికిత్స ఉచితంగా కొనసాగుతుంది, కేసును అక్కడికి బదిలీ చేస్తారు. దారి ఖర్చుకు తీసుకెళ్ళినట్టే కొన్ని వారాల మందులు కూడా అడిగి వెంట తీసుకెళ్ళండి. పోషణ కోసం ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు అయింది, అంతకు ముందు 500 ఉండేది. అది మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది.

మందులకు లొంగని టీబీ వచ్చినా ఆశ వదులుకోవద్దు. పదేళ్ళ క్రితం దానికి రెండేళ్ళ దాకా చికిత్స ఉండేది. నెలల తరబడి సూదులు, వాటివల్ల కొందరికి వినికిడి పోయేది. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వం నాలుగు మందుల కొత్త చికిత్సను ఆమోదించింది: బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్. అన్నీ మాత్రలే, సూదులు లేవు, సుమారు ఆరు నెలలు. ఈ మందులను కూడా మధ్యలో వదిలేసి పోగొట్టుకుంటే తర్వాత ఇవ్వడానికి మా దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. ఒకే ఇంట్లో ఉన్నవారందరూ, ముఖ్యంగా పిల్లలు, తప్పక పరీక్ష చేయించుకోవాలి.

పిల్లలకు నీళ్ళ విరేచనాలు అయితే ఏ యాంటీబయాటిక్ మంచిది?

చాలా మంది పిల్లలకు ఏదీ అక్కర లేదు. ఓఆర్‌ఎస్, జింకు. పెద్ద పొట్లం ఒక లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి, సగం సగం కాదు. జింకు 14 రోజులు. తల్లిపాలు, అన్నం ఆపవద్దు. అట్టపెట్టెలో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడిన తర్వాత, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ అలాంటి వాటి మీద ఆ పేరు రాయకూడదని ఆదేశించింది. విరేచనంలో రక్తం పడినా, బిడ్డ కళ్ళు లోతుకు పోయినా, మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్ళండి.

మేము ఆర్‌ఓ ప్లాంటు నీళ్ళే తాగుతాం. ఇంకా రోగాలు ఎందుకు?

నల్లగొండలో నీళ్ళంటే మనకు మొదట గుర్తొచ్చేది ఫ్లోరైడ్. వంకర తిరిగిన కాళ్ళను చూస్తూ పెరిగిన తరాలు మనవి. అందుకే ఆర్‌ఓ నీళ్ళు అనగానే ఇక భయం లేదనుకుంటాం. ఫ్లోరైడ్ వేరు, క్రిములు వేరు. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ యంత్రం నుంచి శుభ్రంగా వచ్చిన నీటిలో క్లోరిన్ మిగలదు. ఆ నీటిని పాచి పట్టిన ఇరవై లీటర్ల టిన్నులో నింపి, మూడు రోజులు ఉంచి, చెయ్యి ముంచి గ్లాసుతో తీసుకుంటే క్రిములను మనమే కలిపినట్టు. మిషన్ భగీరథ నీటిలో క్లోరిన్ కలుపుతారు, ఆ కాస్త వాసనే రక్షణ. వాసన నచ్చక చాలామంది దాన్ని గిన్నెలు కడగడానికి వాడుతున్నారు, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మూత ఉన్న పాత్ర, పొడవు పిడి ఉన్న గరిటె లేదా కుళాయి, వారానికి ఒకసారి టిన్నును తోమడం. విరేచనాలు తగ్గితే యాంటీబయాటిక్‌ల అవసరమే తగ్గుతుంది.

మూసీ నీటితో పండిన పంటల వల్ల మందుకు లొంగని బ్యాక్టీరియా వస్తుందా?

మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురుగంతా మోసుకుని, కత్వల (నది మీది చిన్న ఆనకట్టల) మీదుగా మన పొలాలను తడిపి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కోటి మంది ఊరి మురుగు అంటే కోటి మంది పేగుల్లోని బ్యాక్టీరియా కూడా. దానికి తోడు మందుల పరిశ్రమలు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గర మందుల కర్మాగారాల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. "శుద్ధి" అయిన నీటి సంగతి ఇది. తర్వాతి పరిశోధనల్లో మూసీ నీటిలోనూ ఇలాంటి అవశేషాలు కనిపించాయి.

నది పక్కన ఉండే కుటుంబాలు తమ తప్పు ఏమీ లేకుండా ఈ భారం మోస్తున్నాయి. అన్నం ఉడుకుతుంది కాబట్టి బియ్యం గురించి క్రిముల భయం అక్కర లేదు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, ఉల్లికాడలను మంచి నీటితో బాగా కడగాలి. పొలంలో దిగినవారు అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కాలి పుండ్లను కప్పి ఉంచుకోవాలి. ఇంటి జాగ్రత్తతో తీరేది ఇంతే. పరిశ్రమల గొట్టం చివర నీటిలో మందు ఎంత ఉండవచ్చో కొలిచి కట్టడి చేయడం ప్రభుత్వం పని. చౌటుప్పల్, జడ్చర్ల వైపు కూడా మందుల పరిశ్రమలు ఉన్నాయి కనుక ఈ మాట గ్రామసభల్లో గట్టిగా అడగవలసినదే.

కోళ్ళ దాణాలో మందులు కలుపుతారట, నిజమేనా?

రోగం లేకపోయినా, బరువు త్వరగా పెరగాలని యాంటీబయాటిక్‌లు కలిపే అలవాటు చాలా దేశాల్లో ఉండేది, కొన్నిచోట్ల ఇంకా ఉంది. వాటిలో కొలిస్టిన్ కథ తెలుసుకోదగినది. అది 1950ల నాటి మందు, మూత్రపిండాలను దెబ్బతీస్తుందని మనుషులకు దాదాపు మానేశారు. ఐసీయూలలో మరే మందూ పనిచేయని బ్యాక్టీరియా వచ్చాక, ఆఖరి దారిగా మళ్ళీ దాన్నే బయటికి తీశారు. ఆ మందునే కోళ్ళ దాణాలో కలిపేవారు! కొలిస్టిన్‌కు లొంగకుండా చేసే, ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి పాకే జన్యువు చైనాలో బయటపడిందని 2015లో ప్రకటించారు. మన దేశం 2019 జూలైలో పశువులు, కోళ్ళ పెంపకంలో కొలిస్టిన్‌ను నిషేధించింది. మంచి నిర్ణయం, ఇంకా ముందే రావలసింది.

మాంసం బాగా ఉడికించండి, పచ్చి మాంసం కోసిన కత్తీ పీటా కడగకుండా కూరగాయలు కోయవద్దు. పాడి రైతులకు ఒక మాట: గేదెకు పొదుగువాపు మందు వేసినప్పుడు ఎన్ని రోజులు పాలు పోయకూడదో మందు మీద రాసి ఉంటుంది. పశువైద్యుడిని అడిగి ఆ రోజులు పాలు పక్కన పెట్టండి. నష్టమే, నాకు తెలుసు.

ఐసీయూలో ఉన్న మా నాన్నకు ఏ మందూ పనిచేయడం లేదంటున్నారు. అలా ఎలా జరుగుతుంది?

గొట్టాలు, వెంటిలేటరు మీద ఉన్నవారికి క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ వంటి బ్యాక్టీరియా సోకుతాయి. వీటిలో చాలా వాటికి కార్బాపెనెమ్ అనే బలమైన మందులు కూడా పనిచేయడం లేదు. ఆ మందులను ముక్కలు చేసే ఎన్‌డీఎం-1 అనే ఎంజైమును 2008లో మొదట గుర్తించింది స్వీడన్‌లో, ఢిల్లీలో చికిత్స పొంది వెళ్ళిన ఒక రోగిలో. 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లో, కుళాయి నీటి నమూనాలు 50లో రెండింటిలో ఆ ఎంజైమును తయారు చేయించే జన్యువు కనిపించింది. ఆసుపత్రి గోడల మధ్య ఆగే సమస్య కాదని అప్పుడే తెలిసింది.

మీరు చేయగలిగింది చిన్నదే అయినా విలువైనది. నాన్నను తాకే ముందు, తాకిన తర్వాత చేతులు కడుక్కోండి. ఒకరిద్దరి కన్నా ఎక్కువ మంది వెళ్ళవద్దు. పక్క మంచం వారిని పలకరించి అదే చేతితో నాన్న దుప్పటి సర్దవద్దు. మూత్రం గొట్టం ఇంకా అవసరమా అని రోజూ అడగండి. అవసరం తీరిన గొట్టం ఒక్క రోజు ఎక్కువ ఉన్నా బ్యాక్టీరియాకు దారి.

మందులు ఎక్కువ వాడడం వల్లే పేద దేశాలకు ఈ గతి పట్టిందా?

సగం నిజం. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లనే నేరుగా ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. జనాభా లెక్కన మరణాలు ఎక్కువగా ఉన్నది పశ్చిమ ఆఫ్రికాలో, మందులు విచ్చలవిడిగా మింగే దేశాల్లో కాదు. అక్కడ శుభ్రమైన నీళ్ళు లేవు, టీకాలు అందవు, ల్యాబులు లేవు. పనిచేసే రెండో మందు ఉన్నా ఆ ఊరికి చేరదు, చేరినా కొనలేరు. మన దగ్గర రెండు కష్టాలూ ఒకే మండలంలో ఉన్నాయి. రోడ్డు మీద ఊళ్ళో అక్కర లేని సూదులు, నల్లమల లోపలి చెంచు పెంటలో (గూడెంలో) న్యుమోనియా వచ్చిన పసివాడికి అమాక్సిసిలిన్ అనే మామూలు యాంటీబయాటిక్ కూడా సమయానికి అందకపోవడం. అందుకే "యాంటీబయాటిక్‌లు విషం, ముట్టుకోవద్దు" అని ప్రచారం చేసేవారితో నేను ఏకీభవించను. అవసరమైనప్పుడు అవి ప్రాణదాతలు, గంటల ఆలస్యం కూడా ప్రాణం తీస్తుంది.

కొత్త మందులు రావడం లేదా?

వస్తున్నాయి, చాలా నెమ్మదిగా. మన దేశంలోనే అభివృద్ధి చేసిన నాఫిత్రోమైసిన్‌ను న్యుమోనియా కోసం 2024 నవంబరులో ఆవిష్కరించారు. వాటి మీద ఆశ పెట్టుకుని పాతవాటిని పాడుచేసుకోలేం.

"ఈ యాంటీబయాటిక్ అవసరమా" అని అడిగితే డాక్టరుకు కోపం రాదా?

కొందరికి రావచ్చు. అడిగే తీరును బట్టి ఉంటుంది. "సార్, ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చిందంటారా, వైరస్ వల్లనా? ముందు ఏదైనా పరీక్ష చేయిస్తే మంచిదా? ఎన్ని రోజులు వాడాలి? ఎప్పటికి తగ్గకపోతే మళ్ళీ రావాలి?" అని నెమ్మదిగా అడగండి. చాలామంది డాక్టర్లు రోగి అడుగుతాడనే భయంతోనే యాంటీబయాటిక్ రాస్తారు. "మందు రాయకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు" అని నాతో అన్నవారు ఉన్నారు. పరీక్షించి, వైరస్ జ్వరమే, పారాసిటమాల్ చాలు అని చెప్పిన డాక్టరుకు ఇచ్చిన ఫీజు వృథా అనుకోకండి. ఆయన మీకోసం ఆలోచించినందుకు ఇచ్చిన డబ్బు అది.

పాత మందుల చీటీలు, పాత కల్చర్ రిపోర్టులు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి రేషన్ కార్డు ఉన్న చోటే ఉంచండి. ఆసుపత్రికి వెళ్ళే ప్రతిసారీ వెంట తీసుకెళ్ళండి. పోయినసారి ఏ మందుకు "ఆర్" అని వచ్చిందో డాక్టరు చూస్తే ఈసారి ఆ మందు రాయరు.